స్వైపింగ్ మెషీన్ స్టేట్‌మెంట్‌లో ఈ పేర్లన్నీ ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

బట్టల షాపు, నరసన్నపేట

అందరికీ నమస్కారం. నరసన్నపేటలో మాది చిన్న బట్టల షాపు. ఇన్నాళ్లూ నగదు, స్కానర్ తప్ప వేరేది లేదు. పెళ్లిళ్ల సీజన్ కదా అని స్వైపింగ్ మెషీన్ పెట్టించాం. శనివారం దాని మీద మూడు బిల్లులు అయ్యాయి. క్రెడిట్ కార్డు మీద 12,000, వీసా డెబిట్ మీద 3,000, రూపే డెబిట్ మీద 2,400. మొత్తం 17,400. ఖాతాలో పడింది మాత్రం 17,113.26. అంటే 286.74 తగ్గింది.

బ్యాంకుకి ఫోన్ చేస్తే "ఎండీఆర్ అండీ" అని పెట్టేశారు. మెయిల్‌లో స్టేట్‌మెంట్ వచ్చింది గానీ ఎంఐడీ, టీఐడీ, ఆర్‌ఆర్‌ఎన్, గ్రాస్, నెట్ అని ఏవేవో గళ్లు. ఇదేటండీ, మన డబ్బుల లెక్క మనకే అర్థం కాకపోతే ఎలాగ? ఒక్కో మాటకీ అర్థం చెప్పగలరా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

బాబూ, అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి లెక్క తేలికే. మీ అగ్రిమెంట్‌లో క్రెడిట్ కార్డుకి 1.80 శాతం అని ఉండాలి, చూడండి. 12,000కి అది 216 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 38.88. కలిపితే 254.88. వీసా డెబిట్ 3,000కి 0.90 శాతం చొప్పున 27 రూపాయలు, జీఎస్టీ 4.86, వెరసి 31.86. రూపే డెబిట్‌కి ఏమీ లేదు. ఆ రెండూ కలిపితే సరిగ్గా మీ 286.74.

ఎండీఆర్ అంటే మర్చంట్ డిస్కౌంట్ రేటు. కార్డు మీద అమ్మిన సొమ్ములోంచి వ్యాపారి వదులుకునే శాతం. ఇదంతా మీ బ్యాంకే ఉంచుకోదు. కస్టమర్‌కి కార్డు ఇచ్చిన బ్యాంకుని ఇష్యూయర్ అంటారు. పెద్ద వాటా వాళ్లదే, దాని పేరు ఇంటర్‌చేంజ్. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటివి నెట్‌వర్కులు, వాటికి కొంత. మీకు మెషీన్ ఇచ్చి మీ ఖాతాలో డబ్బు వేసే బ్యాంకు అక్వైరర్. మిగిలింది దానికి. జీఎస్టీ పడేది ఈ ఎండీఆర్ మీదే, మీ అమ్మకం మీద కాదు. చాలామంది ఇక్కడే కంగారు పడతారు.

ఎంఐడీ మీ షాపు నంబరు, టీఐడీ మీ మెషీన్ నంబరు. షాపులో రెండు మెషీన్లు ఉంటే ఎంఐడీ ఒకటే అయినా టీఐడీలు రెండు ఉంటాయి. ఆర్‌ఆర్‌ఎన్ ఆ ఒక్క లావాదేవీకి ఇచ్చిన 12 అంకెల నంబరు. గ్రాస్ అంటే కార్డు మీద కొట్టిన మొత్తం, నెట్ అంటే కోతలు పోను మీకు పడింది.

ఒక మాట అడగాలి. పోయిన ఆర్థిక సంవత్సరం మీ టర్నోవర్ 20 లక్షలు దాటిందా?

బట్టల షాపు, నరసన్నపేట

అగ్రిమెంట్‌లో 1.80 అనే ఉంది మేష్టారూ. టర్నోవర్ పద్దెనిమిది లక్షల చిల్లర. ఎందుకండీ?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

అయితే డెబిట్ కార్డు మీద మీ దగ్గర ఎక్కువ పట్టారు. డెబిట్ కార్డు ఎండీఆర్‌కి రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న వ్యాపారికి మెషీన్ మీద 0.40 శాతం మించకూడదు, ఒక లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. 20 లక్షలు దాటినవాళ్లకి 0.90 శాతం, గరిష్ఠంగా 1,000 రూపాయలు. మీ 3,000కి 12 రూపాయలు, జీఎస్టీ 2.16, మొత్తం 14.16 పోవాలి. 31.86 పోయింది. తేడా 17.70.

ఒక బిల్లుకి పదిహేడు రూపాయలే కదా అని వదిలేయకండి. సీజన్ అంతా లెక్క వేసుకోండి. దరఖాస్తు ఫారం కాపీ తీయించి, టర్నోవర్ గడిలో ఏది టిక్ పెట్టారో చూడండి. మెషీన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాళ్లు వ్యాపారిని అడక్కుండానే పెద్ద గడికి టిక్ పెట్టేయడం సర్వీసులో ఉండగా చాలా చూశాను.

క్రెడిట్ కార్డుకి మాత్రం ఇలాంటి పరిమితి లేదు. అది బేరమే. రెండు మూడు బ్యాంకుల్లో రేటు అడిగి, ఆ కాగితాలతో మీ బ్రాంచికి వెళ్లండి.

మందుల షాపు, విజయనగరం

మేష్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కార్డు మీద ఒక బిల్లు 2,000 రూపాయల లోపు ఉంటే, దాని సెటిల్‌మెంట్‌కి, అంటే ఆ సొమ్ము మన ఖాతాకి చేర్చడానికి, బ్యాంకు తీసుకునే చార్జీ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. మూడు లాంతర్ల దగ్గర మా షాపులో ఐదారొందల బిల్లులే ఎక్కువ. వాటికి ఎండీఆర్ పడుతుంది గానీ దాని మీద 18 శాతం పడకూడదు. నెలకోసారి స్టేట్‌మెంట్‌లో చిన్న బిల్లులు పట్టుకుని జీఎస్టీ గడి చూస్తాను.

ఇంకోటి. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవాళ్లు ఎండీఆర్ మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. మీ జీఎస్టీ నంబరు అక్వైరర్ దగ్గర నమోదై ఉంటేనే అది మీ పేరున కనిపిస్తుంది. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పథకం) ఉన్నవాళ్లకి ఈ అవకాశం లేదు.

పచ్చళ్ల వ్యాపారం, శ్రీకాకుళం

అన్నయ్యగారూ, మెషీన్ సంగతి సరే. నాకు స్కానర్‌లోనే తగ్గింది. పెళ్లివారి ఆర్డరు 2,600. సౌండ్ బాక్స్ "2,600 రూపాయలు అందాయి" అని చెప్పింది, నా చెవులతో విన్నాను. మర్నాడు ఖాతాలో చూస్తే కొంచెం తక్కువ. యూపీఐకి చార్జీ లేదంటారు కదా?

మందుల షాపు, విజయనగరం

అక్కా, వాళ్లు స్కాన్ చేసి రూపే క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటారు. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌కి కలుపుకునే వీలు వచ్చింది. కస్టమర్ చేసేది అదే స్కాన్, కొట్టేది అదే పిన్. సౌండ్ బాక్స్‌కి కూడా తేడా తెలియదు. మన వైపు మాత్రం అది క్రెడిట్ కార్డు అమ్మకం. చిన్న వ్యాపారికి 2,000 వరకూ ఎండీఆర్ లేదు, అది దాటితే పడుతుంది. మీ ఆర్డరు 2,600 కాబట్టి పడింది.

బ్యాంకు ఖాతాలోంచి నేరుగా వచ్చే యూపీఐకి, రూపే డెబిట్‌కి 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ సున్నా. మీ మర్చంట్ యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే ఏ మార్గంలో వచ్చిందో కనిపిస్తుంది. ఒకసారి చూడండి.

పచ్చళ్ల వ్యాపారం, శ్రీకాకుళం

చూశాను. "క్రెడిట్ కార్డు ఆన్ యూపీఐ" అనే ఉంది. థాంక్స్ తమ్ముడూ. ఇన్నాళ్లూ ఆ పేజీ తెరిచి చూడనేలేదు.

మొబైల్స్ షాపు, ఆమదాలవలస

ఇంత లోతుకి వెళ్లడం ఎందుకండీ? రేపోమాపో యూపీఐకి కూడా చార్జీలు పెడతారు. అప్పుడు అందరికీ ఒకటే కోత.

అకౌంట్స్ చూసేవాడిని, రాజాం

అలాంటి ప్రచారం 2025 జూన్‌లోనూ వచ్చింది. అది అబద్ధం, నిరాధారం అని ఆర్థిక శాఖే ప్రకటించింది. ఎండీఆర్ లేకుండా బ్యాంకులు ఎలా నడుపుతున్నాయంటే, కొంత ప్రభుత్వం ఇస్తోంది. 2024–25కి 1,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని కేబినెట్ ఆమోదించింది. అందులో చిన్న వ్యాపారికి వచ్చే 2,000 లోపు యూపీఐ లావాదేవీకి 0.15 శాతం లెక్కన. ముందుముందు ఏమవుతుందన్నది పక్కన పెట్టండి. ఈ నెల మీ దగ్గర తప్పుగా పట్టిన డబ్బు ఈ నెలే అడగాలి కదా.

పచ్చళ్ల అక్కగారికి ఒక ప్రశ్న. మీ స్కానర్ ఏ ఖాతాకి ఉంది? ఇంటి సేవింగ్స్ ఖాతాకా?

పచ్చళ్ల వ్యాపారం, శ్రీకాకుళం

అవును బాబూ. సొంత ఖర్చులు, డ్వాక్రా వాయిదా, చీటీ డబ్బులు, అమ్మకాలు అన్నీ అందులోనే.

అకౌంట్స్ చూసేవాడిని, రాజాం

వేరు చేసేయండి అక్కా, ఆలస్యం చేయొద్దు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ వసూళ్ల లెక్క చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు ఇచ్చారు. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలు. మీరు దానికి చాలా దూరంలో ఉండొచ్చు. కానీ ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదని రేపు ఎవరైనా అడిగితే చూపించాలి. చీటీ డబ్బులు, చెల్లెలు తిరిగి ఇచ్చిన అప్పు, పచ్చడి డబ్బులు ఒకే చోట ఉంటే ఎలా చూపిస్తారు?

వ్యాపారం పేరున విడిగా ఖాతా, దానికి మర్చంట్ క్యూఆర్ తీసుకోండి. అప్పుడు మీకు ఎంసీసీ కూడా ఇస్తారు. అది నాలుగంకెల కోడు, మీరు ఏ రకం వ్యాపారమో నెట్‌వర్క్‌కి చెప్పేది. కిరాణాకి 5411, మందుల షాపుకి 5912, నగల దుకాణానికి 5944. క్రెడిట్ కార్డు రేటు కూడా చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది. వేరే వ్యాపారం కోడు పడితే మీకు రావాల్సిన రేటు రాదు. అందరూ తమ కోడు ఏమిటో అక్వైరర్‌ని అడిగి తెలుసుకోండి.

ఆదాయపు పన్నులో కూడా లాభం ఉంది. అంచనా లాభం పద్ధతిలో (1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ) చూపించేవాళ్లకి నగదు అమ్మకాల మీద 8 శాతం లాభంగా లెక్కిస్తే, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతమే.

స్వీట్ల షాపు, విజయనగరం

నా బాధ వేరు. సిరిమానోత్సవం రోజు మా షాపు ముందు నిలబడటానికి చోటుండదు. నెట్‌వర్క్ మెల్లగా ఉంటుంది. కస్టమర్ ఫోన్‌లో డబ్బు కట్ అవుతుంది, మా సౌండ్ బాక్స్ పలకదు. "నాకు కట్ అయిందండీ" అని ఆయన, "మాకు పడలేదండీ" అని మేం. వెనక క్యూ. అమ్మవారి పండగ పూట గొడవ ఎందుకని చాలాసార్లు స్వీటు ఇచ్చి పంపేశాం. ఆ డబ్బు తర్వాత వస్తుందా, రాదా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

రావచ్చు, రాకపోవచ్చు. ఆలస్యంగానైనా లావాదేవీ పూర్తయితే మీకు పడుతుంది. పూర్తికాకపోతే కస్టమర్ ఖాతాకే వెనక్కి వెళ్తుంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు దీనికి గడువు పెట్టింది. వ్యాపారికి కట్టిన యూపీఐలో డబ్బు కట్ అయి, మీకు అందినట్టు ఖరారు కాకపోతే టీ ప్లస్ 5 రోజుల్లో దానంతటదే వెనక్కి వేయాలి. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. కార్డు మెషీన్‌లో కట్ అయి స్లిప్ రాకపోయినా ఇదే గడువు. ఇక్కడ టీ అంటే లావాదేవీ జరిగిన రోజు. పరిహారం కస్టమర్‌కి, మీకు కాదు. సరుకు ఇచ్చి పంపేస్తే ఆ డబ్బు మీరు వదులుకున్నట్టే.

అందుకని అలాంటప్పుడు ఒకే పని చేయండి. కస్టమర్ ఫోన్‌లోని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, ఆయన ఫోన్ నంబరు పుస్తకంలో రాసుకోండి. స్క్రీన్‌షాట్ చూసి నమ్మొద్దు, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. మీ మర్చంట్ యాప్‌లో ఆ నంబరు సక్సెస్ అని కనిపిస్తేనే డబ్బు వచ్చినట్టు.

జీడిపప్పు, పలాస

మేం వెబ్‌సైట్ మీద బయటి ఊళ్లకి జీడిపప్పు అమ్ముతాం. కౌంటర్ మీద అంతగా తగలని మాటలు కొన్ని మాకు రోజూ తగులుతాయి కాబట్టి రాస్తున్నాను.

కస్టమర్ కార్డు వివరాలు కొట్టే పేజీని నడిపే ఏర్పాటు పేమెంట్ గేట్‌వే. మన తరఫున డబ్బు వసూలు చేసి, ఎస్క్రో ఖాతాలో (వేరే పనికి వాడకుండా విడిగా ఉంచే ఖాతా) ఉంచి, తర్వాత మనకి పంపేది పేమెంట్ అగ్రిగేటర్. వాడుకలో రెండిటినీ గేట్‌వే అనేస్తాం. డబ్బు చేతిలో ఉంచుకునేది అగ్రిగేటర్ కాబట్టి దానికి రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 2020 మార్చిలో ఆ నిబంధనలు వచ్చాయి. తక్కువ రేటు అని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో ఆ పేరు ఉందేమో చూడండి.

ఇక చార్జ్‌బ్యాక్. "సరుకు రాలేదు", "నేను కొననేలేదు", "చెప్పిన సరుకు కాదు" అని కార్డుదారు తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే, ఆ బ్యాంకు నెట్‌వర్క్ ద్వారా డబ్బు వెనక్కి లాగుతుంది. మన సెటిల్‌మెంట్‌లోంచి ముందు డబ్బు పోతుంది, వాదన తర్వాత. మనకి మెయిల్ వస్తుంది, అందులో కారణం, గడువు ఉంటాయి. గడువులోగా ఆధారాలు పంపడాన్ని రీప్రెజెంట్‌మెంట్ అంటారు. గడువు దాటితే ఎంత నిజాయితీగా అమ్మినా లాభం లేదు.

పోయిన దీపావళికి హైదరాబాద్ పార్సిల్ ఒకటి అందలేదని చార్జ్‌బ్యాక్ వేశారు. మేం పంపినవి ఇవి: బిల్లు, డబ్బాల ఫొటో, బరువుతో ఉన్న కొరియర్ రసీదు, డెలివరీ అప్పుడు ఓటీపీ చెప్పిన సమయం, "అందిందండీ, పప్పు బాగుంది" అని ఆయనే పెట్టిన వాట్సాప్ మెసేజ్. డబ్బు తిరిగి వచ్చింది. ఆ మెసేజ్ లేకపోయినా కొరియర్ ఓటీపీ నిలబడేది. అందుకే పెద్ద ఆర్డర్లకి ఓటీపీ డెలివరీ తప్ప వేరే దారిలో పంపం.

బట్టల షాపు, నరసన్నపేట

మరి రిఫండ్, రివర్సల్, వాయిడ్ అంటారు, అవన్నీ ఒకటేనా?

జీడిపప్పు, పలాస

కాదు. బ్యాచ్ (ఆ రోజు మెషీన్ మీద కొట్టిన కార్డులన్నీ కలిపి) సెటిల్ అయ్యేలోపు అదే రోజు మెషీన్‌లో అమ్మకాన్ని రద్దు చేస్తే వాయిడ్. డబ్బు మన దాకా రానేలేదు కాబట్టి మామూలుగా ఎండీఆర్ కూడా పడదు. సెటిల్ అయ్యాక మనం తిరిగి ఇస్తే రిఫండ్. అప్పటికే పట్టిన ఎండీఆర్ వెనక్కి వస్తుందో లేదో అగ్రిమెంట్‌ని బట్టి ఉంటుంది, అది చదవాలి. మధ్యలో లావాదేవీ ఫెయిలై వ్యవస్థే డబ్బు వెనక్కి వేస్తే రివర్సల్, దానికి మనం చేయాల్సింది ఏమీ లేదు.

రిఫండ్‌లో ఒక మోసం ఉంది, అందరూ గుర్తు పెట్టుకోండి. కార్డు మీద పెద్ద ఆర్డరు వస్తుంది. కాసేపటికి ఫోన్: "ఆర్డరు వద్దండీ, అర్జంటుగా డబ్బు కావాలి, ఈ యూపీఐ నంబరుకి వేసేయండి." ఆ కార్డు దొంగిలించినదైతే, నెల తర్వాత అసలు కార్డుదారు చార్జ్‌బ్యాక్ వేస్తాడు. ఒకే అమ్మకానికి రెండుసార్లు డబ్బు పోతుంది. ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే తిరిగి పంపాలి. మా షాపులో పనిచేసే పిల్లలందరికీ ఇది మొదటి రోజే చెబుతాను.

మొబైల్స్ షాపు, ఆమదాలవలస

ఇందాక ఎందుకన్నానుగానీ, నాకు ఇక్కడే పని పడింది. మా కరెంట్ ఖాతాలో కొంత సొమ్ము మీద "లియన్" అని చూపిస్తోంది. అది తీసే వీలు లేదంటున్నారు. బ్రాంచిలో అడిగితే సైబర్ కేసు అంటారు. నేనెవరినీ మోసం చేయలేదు. టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

భయపడకండి. ఎక్కడో ఎవరి డబ్బో మోసగాడు కొట్టేశాడు. ఆ డబ్బుతో మీ దగ్గర ఫోన్ కొన్నాడు. పోగొట్టుకున్నవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. డబ్బు వెళ్లిన దారి పట్టుకుని పోలీసులు ప్రతి ఖాతాలో ఆ మేరకు సొమ్ము ఆపమంటారు. దాన్నే లియన్ అంటారు. మొత్తం ఖాతాలోంచి ఏమీ తీయనివ్వకపోతే అది డెబిట్ ఫ్రీజ్. మీది లియన్ కాబట్టి మిగతా డబ్బు వాడుకోవచ్చు.

బ్రాంచిని నోటిమాటగా అడగొద్దు, రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ రాష్ట్రం, ఏ పోలీసు స్టేషను, ఏ ఆర్‌ఆర్‌ఎన్ లావాదేవీ అన్నవి కావాలి. ఆ నంబరు పట్టుకుని మీ బిల్లు తీయండి. ఫోన్ అమ్మకం కాబట్టి బిల్లు మీద ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కీ ఉండే విడి నంబరు) ఉంటుంది కదా, అది గట్టి ఆధారం. సీసీ కెమెరా ఫుటేజీ ఉంటే చెరిగిపోకముందే కాపీ తీయించండి. ఇవన్నీ ఆ దర్యాప్తు అధికారికి మెయిల్ పెట్టి, కాపీ బ్యాంకుకి ఇవ్వండి.

మొబైల్స్ షాపు, ఆమదాలవలస

బిల్లు ఉంది సార్, ఐఎంఈఐతో సహా. రేపే లెటర్ ఇస్తాను.

బట్టల షాపు, నరసన్నపేట

మేష్టారు చెప్పినట్టే ఫారం కాపీ తీయించాను. "20 లక్షలు పైన" గడికి టిక్ ఉంది. మేం పెట్టింది కాదు. పోయిన సంవత్సరం రిటర్నులు జతచేసి లెటర్ ఇచ్చాను. వచ్చే నెల నుంచి 0.40 చేస్తామన్నారు. ఇప్పటిదాకా ఎక్కువ పట్టినదాని గురించి "పైకి రాస్తాం" అన్నారు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయనగరం

లెటర్ మీద స్టాంపు వేయించుకున్నారు కదా? ఫిర్యాదు నంబరు కూడా అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చు లేదు. ఏమైనా అనుమానం ఉంటే రిజర్వు బ్యాంకు నంబరు 14448కి ఫోన్ చేయండి. ఒక్కో డెబిట్ లావాదేవీకి తేదీ, ఆర్‌ఆర్‌ఎన్, పట్టింది, పట్టాల్సింది, తేడా అని ఒక పట్టిక వేసుకోండి. రూపే డెబిట్ అందులో కలపొద్దు.

బట్టల షాపు, నరసన్నపేట

స్టాంపు వేయించాను. పట్టిక ఈ రాత్రికి మా అమ్మాయి వేస్తుంది. చివరగా ఒకటి. నిన్న రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెషీన్‌లో "బ్యాచ్ పెండింగ్" అని వచ్చింది. ఈరోజు డబ్బు పడలేదు.

మందుల షాపు, విజయనగరం

రోజంతా కొట్టిన కార్డులన్నీ మెషీన్‌లో ఒక బ్యాచ్‌గా ఉంటాయి. కార్డు కొట్టినప్పుడు వచ్చేది ఆథరైజేషన్, అంటే కస్టమర్ బ్యాంకు సరే అనడం. బ్యాచ్ సెటిల్ చేస్తేనే అది మీ బ్యాంకుకి వెళ్లి, టీ ప్లస్ 1లో డబ్బు పడుతుంది. కొన్ని మెషీన్లు రాత్రి వాటంతటవే చేస్తాయి, నెట్ లేకపోతే ఆగిపోతాయి. ఇప్పుడు మెనూలోకి వెళ్లి సెటిల్‌మెంట్ నొక్కండి, సెటిల్ అయినట్టు స్లిప్ వస్తుంది. దాని మీద మొత్తం మీ స్లిప్పుల మొత్తంతో సరిపోయిందో చూసి, స్లిప్ దాచండి. సరిపోకపోతే టీఐడీ చెప్పి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.